జ్వరం తగ్గింది కదా, మాత్రలు ఆపేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. ఒక పాప ఉంది. పదిహేను రోజుల కిందట మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం మొదలయ్యాయి. ఏడాది కిందట ఇలాగే వచ్చినప్పుడు డాక్టరు రాసిన యాంటీబయాటిక్ మాత్రలు కొన్ని ఇంట్లో మిగిలి ఉంటే నాలుగు పూటలు వేసుకున్నాను. మంట తగ్గింది. వారం తిరగకముందే వణికించే చలితో జ్వరం, కుడివైపు వీపు కింది భాగంలో భరించలేని నొప్పి, వాంతులు వచ్చాయి. ఆస్పత్రిలో కిడ్నీ ఇన్ఫెక్షన్ అన్నారు. రెండు రోజులు సెలైన్, ఇంజెక్షన్లు ఇచ్చి, తరువాత ఐదు రోజులు సిప్రోఫ్లోక్సాసిన్ మాత్రలు వాడమని ఇంటికి పంపారు. స్కానింగులో కుడి కిడ్నీ కొంచెం వాచిందని, రాళ్లు గానీ అడ్డంకి గానీ లేవని రాశారు. కిడ్నీల పనితీరును చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ మొదట 1.3 ఉంది, ఇంటికి వచ్చే రోజుకు 0.9 అయింది. మాత్రలు మొదలుపెట్టి రెండు రోజులైంది. జ్వరం లేదు, నొప్పి లేదు. కడుపులో వికారంగా ఉంటోంది కాబట్టి మిగిలిన మూడు రోజుల మాత్రలు ఆపేద్దామనుకుంటున్నాను. నా కిడ్నీలు ఇక పాడైనట్టేనా? డయాలసిస్ దాకా పోతుందా? శుభ్రత లేకపోవడం వల్లే వచ్చిందని ఇంట్లో అంటున్నారు, నిజమేనా? మా ఆయన కూడా మందులు వాడాలా? రోజుకు ఐదు లీటర్ల నీళ్లు తాగితే మళ్లీ రాకుండా ఉంటుందా? వచ్చే ఏడాది రెండో బిడ్డ కోసం అనుకుంటున్నాం. భయంగా ఉంది.

జవాబు: ముందు మీ చేతిలో ఉన్న మాత్రల సంగతి. ఆపకండి. ఆ మూడు రోజులూ పూర్తి చేయండి.

జ్వరం పోయిందంటే మందు పనిచేస్తోందని అర్థం. కిడ్నీ కణజాలంలో చేరిన బ్యాక్టీరియా పూర్తిగా పోయిందని అర్థం కాదు. సరైన మందు పడితే ఎక్కువ మందికి 48 నుంచి 72 గంటల్లో ఒళ్లు తేలికపడుతుంది. లోపలి వాపు సర్దుకోవడానికి అంతకంటే ఎక్కువ సమయం కావాలి. ఒకప్పుడు కిడ్నీ ఇన్ఫెక్షన్‌కు రెండు వారాల పాటు యాంటీబయాటిక్ ఇవ్వడం మామూలుగా ఉండేది. సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి మందులకు బాగా స్పందించిన వారికి ఏడు రోజులు చాలని తరువాతి పరిశోధనలు తేల్చాయి. మీకు రెండు రోజుల ఇంజెక్షన్లు, ఐదు రోజుల మాత్రలు కలిపి సరిగ్గా ఆ ఏడు రోజులే రాశారు. అందులో మనం సొంతంగా తగ్గించుకోవడానికి మిగులు ఏమీ లేదు.

వికారం సిప్రోఫ్లోక్సాసిన్‌తో తరచుగా వచ్చేదే. ఏదైనా తిన్న తరువాత వేసుకోండి. అయితే పాలు, పెరుగుతో మాత్రం వేసుకోవద్దు. వాటిలోని కాల్షియం ఈ మందును పట్టేసి రక్తంలోకి సరిగా వెళ్లనివ్వదు. కడుపు మంటకు వాడే యాంటాసిడ్లు, ఐరన్, కాల్షియం మాత్రలు కూడా అదే పని చేస్తాయి. మీరు ఇలాంటివి వాడుతూ ఉంటే, సిప్రోఫ్లోక్సాసిన్ వేసుకున్న రెండు గంటల తరువాత వేసుకోండి. వాటినే ముందు వేసుకున్నట్లయితే ఆరు గంటలు ఆగి సిప్రోఫ్లోక్సాసిన్ వేసుకోండి. మాత్రలు క్రమం తప్పకుండా మింగుతున్నా మందు ఒంటికి పట్టకపోవడానికి ఇది ఒక సాధారణ కారణం. చాలామందికి ఈ విషయం ఎవరూ చెప్పరు. మాత్ర వేసుకున్న కాసేపటికే వాంతి అయిపోతుంటే ఓర్చుకుంటూ కూర్చోకుండా డాక్టరుకు చెప్పండి. మందు మార్చవచ్చు. మడమ వెనక నరంలో గానీ భుజంలో గానీ కొత్తగా నొప్పి వచ్చినా ఆ రోజే చెప్పాలి. ఈ జాతి మందులు అరుదుగా కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులను దెబ్బతీస్తాయి.

ఇక మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మిగిలిన మాత్రలు వేసుకోవడం. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. మంటతో అల్లాడుతున్నప్పుడు అల్మరాలో కనిపించిన మాత్ర వేసుకోవాలనిపించడం సహజం. కానీ అసలు అపాయం అక్కడే మొదలవుతుంది, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మూత్ర మార్గంలో వచ్చే ఇన్ఫెక్షన్లలో అత్యధిక భాగానికి కారణం ఈ.కోలై అనే బ్యాక్టీరియా. అది మన పేగుల్లో ఎప్పుడూ ఉండేదే. అక్కడ ఉన్నంతకాలం హాని చేయదు. మలద్వారం దగ్గరి నుంచి మూత్ర ద్వారం చేరి, పైకి పాకి మూత్రాశయంలో స్థిరపడితే మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి మొదలవుతాయి. ఇది మొదటి దశ, ఇక్కడ జ్వరం సాధారణంగా ఉండదు. అక్కడి నుంచి మూత్రనాళం వెంట ఇంకా పైకి ఎక్కి కిడ్నీని చేరితే చలి, జ్వరం, పక్కటెముకలు ముగిసే చోట వెనకవైపు నొప్పి, వికారం, వాంతులు వస్తాయి. కొందరికి కిడ్నీ ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు మూత్రంలో మంట అసలు ఉండకపోవచ్చు కూడా. అందుకే మంట లేదు కాబట్టి ఇది మూత్రానికి సంబంధించిన జ్వరం కాదని ఎవరూ అనుకోకూడదు.

మందుల తేడా ఇక్కడే వస్తుంది. మూత్రాశయంలోని ఇన్ఫెక్షన్‌కు రాసే కొన్ని మందులు మూత్రంలో బాగా చేరతాయి, కానీ కిడ్నీ కణజాలంలో సరిపడా మోతాదుకు చేరవు. నైట్రోఫ్యూరంటాయిన్ అలాంటిదే. నోటి ద్వారా ఇచ్చే ఫాస్ఫోమైసిన్ కూడా అంతే. మూత్రాశయానికి అవి చక్కటి మందులు. కిడ్నీ ఇన్ఫెక్షన్‌కు వాటిని నమ్ముకోకూడదు. మీరు వేసుకున్న పాత మాత్ర పేరు రాయలేదు కాబట్టి మీ విషయంలో ఏం జరిగిందో కచ్చితంగా చెప్పలేను. మూడు అవకాశాలున్నాయి. అది కింద మంటను అణచి, పైకి ఎక్కిన బ్యాక్టీరియాను వదిలేసి ఉండవచ్చు. మోతాదు చాలక కొన్ని బ్యాక్టీరియాలు బతికి మళ్లీ పెరిగి ఉండవచ్చు. లేదా ఈసారి వచ్చిన బ్యాక్టీరియాకు ఆ మందు మొదటినుంచీ పనిచేయకపోయి ఉండవచ్చు. మూడింటిలోనూ మంట తగ్గినట్టు అనిపించిన రోజులు వ్యాధికి కలిసి వచ్చాయి.

దీనికి ఇంకో నష్టం కూడా ఉంది. నాలుగు పూటల యాంటీబయాటిక్ పడ్డాక మూత్రం పరీక్షకు ఇస్తే, లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా కల్చర్‌లో, అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరగకపోవచ్చు. అప్పుడు డాక్టరు చేతిలో ఆధారం ఉండదు. ఏ మందు పనిచేస్తుందో ఊహించి ఇవ్వాల్సి వస్తుంది.

కల్చర్ రిపోర్టు గురించి మీరు ఏమీ రాయలేదు. ఆస్పత్రిలో ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు మూత్రం నమూనా తీసుకుని ఉంటారు. దాని ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అంటే మీరు ఇంటికి వచ్చేసిన తరువాత వచ్చి ఉండవచ్చు. ఈ రోజే ఫోను చేసి అడగండి. అందులో ఏ బ్యాక్టీరియా పెరిగిందో, ఒక్కో మందు ఎదురుగా ఎస్ అనే అక్షరం ఉందో ఆర్ అనే అక్షరం ఉందో రాస్తారు. ఎస్ అంటే ఆ మందుకు ఆ బ్యాక్టీరియా లొంగుతుంది. ఆర్ అంటే లొంగదు. సిప్రోఫ్లోక్సాసిన్ ఎదురుగా ఎస్ ఉంటే నిశ్చింతగా మాత్రలు ముగించండి. ఆర్ ఉంటే, మీకు బాగానే అనిపిస్తున్నా డాక్టరుకు ఆ రోజే తెలియాలి. ఇంజెక్షన్ల వల్ల జ్వరం తగ్గి, మాత్రలు పనిచేయక నాలుగు రోజుల తరువాత మళ్లీ చలి రావడం అరుదేమీ కాదు. ఈ.కోలైలో ఈ జాతి మందులకు లొంగనివి ఇప్పుడు చాలా చోట్ల కనిపిస్తున్నాయి. ఆ కాగితం జాగ్రత్తగా దాచుకోండి. మళ్లీ ఎప్పుడైనా అవసరమైతే మీకు ఏ మందు ఇవ్వాలో చెప్పే ఆధారం అదే అవుతుంది.

నొప్పి మళ్లీ కొంచెం అనిపిస్తే పారాసెటమాల్ వాడండి. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఈ రోజుల్లో వద్దు. వాంతులు, జ్వరంతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీకి వెళ్లే రక్తప్రసరణను ఇంకా తగ్గిస్తాయి. మంట తగ్గించే సిరప్‌లు మూత్రంలోని ఆమ్లాన్ని తగ్గించి ఉపశమనం ఇస్తాయంతే, బ్యాక్టీరియాను చంపవు.

మీ పెద్ద భయం డయాలసిస్ గురించి. మీరు పంపిన వివరాలు చూస్తే ఆ భయానికి ఆధారం కనిపించడం లేదు. క్రియాటినిన్ 1.3 కి పెరగడం వాంతుల వల్ల, జ్వరం వల్ల, ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిన తాత్కాలిక మార్పు. రెండు రోజుల్లో 0.9 కి దిగిందంటే కిడ్నీలు మళ్లీ తమ పని సక్రమంగా చేస్తున్నాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి, అడ్డంకి ఏదీ లేకుండా, ఒక్కసారి వచ్చి సకాలంలో చికిత్స అందిన ఇన్ఫెక్షన్ వల్ల కిడ్నీలు శాశ్వతంగా దెబ్బతినడం చాలా అరుదు. స్కానింగులో వాచిందని రాసింది కూడా ఈ ఇన్ఫెక్షన్ తాలూకు వాపే అయి ఉంటుంది.

ఆ స్కానింగు రిపోర్టులో నాకు అన్నిటికంటే ఊరటనిచ్చిన మాట అడ్డంకి లేదన్నది. రాయి గానీ మరేదైనా గానీ మూత్రనాళాన్ని మూసేసి, దాని పైన ఇన్ఫెక్షన్ చేరితే అది పూర్తిగా వేరే వ్యాధి అనుకోవాలి. మూత్రం కిందికి దిగే దారి లేక చీము పట్టిన కిడ్నీకి ఎంత గొప్ప యాంటీబయాటిక్ ఇచ్చినా చాలదు. స్టెంట్ వేసి గానీ, వీపు వైపు నుంచి సన్నని గొట్టం పెట్టి గానీ ఆ మూత్రాన్ని బయటికి తీయాలి, అదీ గంటల్లో జరగాలి. ఆలస్యమైతే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ప్రాణం మీదికి వస్తుంది. కిడ్నీలో రాళ్లున్నాయని ముందే తెలిసినవారికి చలిజ్వరం వస్తే రాత్రి అయినా సరే, తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

మీరు కూడా కొన్ని గుర్తులు చూసుకుంటూ ఉండండి. జ్వరం మళ్లీ వచ్చినా, చలి వణుకు పట్టినా, మందులు కడుపులో నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గిపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, ఆయాసం వచ్చినా, మాట తడబడినా, మనిషి మగతగా ఉన్నా వెంటనే వెళ్లండి. మూడు రోజులు సరైన మందు పడినా జ్వరం తగ్గకపోతే అడ్డంకి ఉందా, కిడ్నీలో చీము గడ్డ కట్టిందా అని మళ్లీ స్కానింగు చేసి చూస్తారు. అవసరమైతే సీటీ స్కాన్ చేస్తారు.

ఇదే అనుమానం ఇంట్లో ఇతరులకు వస్తే కొంచెం తేడాగా ఆలోచించాలి. వయసు పైబడిన వారికి జ్వరం, మంట లేకుండా ఉన్నట్టుండి నీరసించిపోవడం, అయోమయంగా మాట్లాడటం మాత్రమే కనిపించవచ్చు. చిన్నపిల్లలకు కారణం తెలియని జ్వరం ఒక్కటే ఉండవచ్చు. వాళ్లకు తప్పక మూత్ర పరీక్ష చేయించాలి, ఎందుకంటే కొందరు పిల్లల్లో మూత్రం మూత్రాశయం నుంచి వెనక్కి కిడ్నీల్లోకి పోయే లోపం ఉండి, పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్లు కిడ్నీల మీద మచ్చలు మిగులుస్తాయి. మూడు నెలల లోపు పసిపిల్లలకు జ్వరం వస్తే ఇంట్లో ఒక్క పూట కూడా చూడకూడదు. మధుమేహం ఉన్నవారిలో ఇది వేగంగా ముదురుతుంది. మగవారికి వచ్చినప్పుడు ప్రోస్టేటు గ్రంథి సంగతి కూడా చూడాలి.

శుభ్రత లేకపోవడం వల్ల వచ్చిందన్న మాట నన్ను బాధపెట్టింది. ఆ నింద మీరు మోయనక్కర్లేదు. మూత్రాశయం నుంచి మూత్రం బయటికి వచ్చే మార్గం పొడవు స్త్రీలకు సుమారు 4 సెంటీమీటర్లే, పురుషులకు దాదాపు 20 సెంటీమీటర్లు. మూత్రాశయం చేరడానికి బ్యాక్టీరియాకు స్త్రీలలో ఉన్న దూరం అంత తక్కువ. ఎంత శుభ్రంగా ఉండే స్త్రీకైనా ఇది రావచ్చు, అనేక మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది. నిజానికి ఈ నిందకు భయపడి ఆ భాగాన్ని ఘాటైన సబ్బులతో, యాంటీసెప్టిక్ ద్రవాలతో కడిగేవాళ్లు అక్కడ రక్షణగా ఉండే మంచి బ్యాక్టీరియాను చంపుకుని మరింత ఇబ్బంది తెచ్చుకుంటారు. మామూలు నీళ్లు చాలు. మలవిసర్జన తరువాత ముందునుంచి వెనక్కి కడుక్కోవడం మంచి అలవాటు, అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

మీ భర్త మందులు వాడనక్కర్లేదు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే సుఖవ్యాధి కాదు. కలయిక సమయంలో బ్యాక్టీరియా మూత్రమార్గంలోకి నెట్టుకుపోవడం వల్ల కొందరు స్త్రీలకు ఆ తరువాత ఇన్ఫెక్షన్ మొదలవుతుంది, అందుకే కలయిక తరువాత మూత్రానికి వెళ్లి రమ్మని చెబుతాం. వీర్యకణాలను చంపే జెల్లీలు వాడుతూ ఉంటే అవి మానేసి వేరే పద్ధతికి మారండి, వాటితో ఈ ఇన్ఫెక్షన్ల అవకాశం పెరుగుతుంది. పూర్తిగా కోలుకునే వరకు కలయికకు దూరంగా ఉంటే మీకే సుఖంగా ఉంటుంది.

ఐదు లీటర్ల నీళ్లు వద్దు. నీళ్ల వల్ల మేలు ఉన్న మాట నిజమే. మాటిమాటికీ మూత్రాశయ ఇన్ఫెక్షన్ వస్తూ, రోజూ తక్కువ నీళ్లు తాగే స్త్రీలు మామూలుగా తాగే దానికి అదనంగా రోజుకు లీటరున్నర తాగితే ఏడాదిలో ఇన్ఫెక్షన్ల సంఖ్య దాదాపు సగానికి తగ్గిందని 2018లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపించింది. మూత్రం లేత పసుపు రంగులో ఉండేలా, దాహం తీరేలా, రోజంతా కొంచెం కొంచెంగా తాగండి. మూత్రం వచ్చినప్పుడు పని ముగిశాక వెళదామని ఆపుకోకండి. అంతకు మించి నీళ్లు బలవంతంగా పోసుకుంటే లాభమేమీ ఉండదు. ఇప్పటికే కిడ్నీలో చేరిన ఇన్ఫెక్షన్‌ను ఎన్ని నీళ్లూ కడిగేయలేవు. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారు నీళ్ల కొలత డాక్టరును అడిగే నిర్ణయించుకోవాలి.

మందులు ముగిశాక మీకు ఏ ఇబ్బందీ లేకపోతే మళ్లీ కల్చర్ చేయించనవసరం లేదు. కొందరు భయంతో ప్రతి నెలా పరీక్ష చేయించుకుంటారు. ఏ లక్షణమూ లేకుండా మూత్రంలో కొంత బ్యాక్టీరియా కనిపించడం చాలామందికి ఉంటుంది. గర్భిణులు, మూత్రమార్గంలో రక్తం కారే ఆపరేషన్లకు వెళ్లేవారు, అలాంటి కొద్దిమందిని మినహాయిస్తే దానికి మందులు ఇవ్వడం వల్ల మేలు జరగదు. పైగా మందులకు లొంగని బ్యాక్టీరియా తయారవుతుంది. ఆరు నెలల్లో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ వస్తే మాత్రం పదేపదే వస్తోందని లెక్క. అప్పుడు యూరాలజిస్టునో కిడ్నీ డాక్టరునో కలిసి కారణం వెతకాలి.

రెండో బిడ్డ గురించి మీ ఆలోచన మార్చుకోవలసిన అవసరం లేదు. ఈ ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గి, మందులు ముగిసి, ఒంట్లో బలం వచ్చాక ప్రయత్నించవచ్చు. ఒకవేళ ఇప్పుడే నెలసరి ఆలస్యమై ఉంటే గర్భ పరీక్ష చేసుకుని డాక్టరుకు చెప్పండి, సిప్రోఫ్లోక్సాసిన్‌ను సాధారణంగా గర్భిణులకు ఇవ్వరు. గర్భం వచ్చాక కిడ్నీ ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. హార్మోన్ల వల్ల మూత్రనాళాలు వదులై, పెరిగే గర్భాశయం వాటిని నొక్కడంతో మూత్రం నెమ్మదిగా దిగుతుంది. అందుకే గర్భిణుల విషయంలో మాత్రం మంట, జ్వరం ఏమీ లేకపోయినా మూత్రంలో బ్యాక్టీరియా ఉంటే చికిత్స చేస్తారు. చేయకపోతే వారిలో నూటికి ఇరవై నుంచి ముప్పై మందికి అది కిడ్నీల దాకా పాకవచ్చు, నెలలు నిండకముందే కాన్పు అయ్యే ప్రమాదమూ ఉంటుంది. గర్భం నిర్ధారణ అయ్యాక డాక్టరును మొదటిసారి కలిసినప్పుడే ఈ ఇన్ఫెక్షన్ సంగతి చెప్పి, మూత్రం కల్చర్ చేయించమని అడగండి. ఈ ఆస్పత్రి కాగితాలు, కల్చర్ రిపోర్టు వెంట తీసుకువెళ్లండి. అల్మరాలో ఇంకా మిగిలిన పాత యాంటీబయాటిక్ మాత్రలు ఏమైనా ఉంటే మందుల దుకాణంలో ఇచ్చేయండి, వాళ్లు తీసుకోకపోతే ఎవరి చేతికీ అందకుండా పారేయండి.